పెట్టె దాటని మాట

సాయంత్రం నాలుగూ నలభైకి కోల్డ్ స్టోరేజీ ఏడో గదిలో శవం దొరికింది.

బోర్లా పడి ఉన్నాడు. చెయ్యి తలుపు వైపు చాచి ఉంది. వేళ్ళకీ తలుపుకీ మధ్య రెండడుగుల దూరం. గది చివర పైపు విడిపోయి, చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు నిండిపోయింది.

చనిపోయింది కంప్రెసర్ మెకానిక్. పంతొమ్మిదేళ్ళ సర్వీసు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికే మేనేజర్ కేసు తేల్చేశాడు. రిపోర్టు టైపు చేయించి ఫైల్లో పెట్టి ఉంచాడు. ఇక ఆమె సంతకం పెట్టి టీ తాగి వెళ్ళిపోవడమే తరువాయి.

"నిర్లక్ష్యం మేడమ్," అన్నాడు. "ఏడో గదిలో అమ్మోనియా లీకు, ఎవరూ వెళ్ళొద్దని మూడూ యాభై రెండుకి మెసేజ్ వెళ్ళింది. చూసి కూడా వెళ్ళాడు. పాతవాళ్ళకి ఇదే జబ్బు, మనకేమవుతుందిలే అనుకుంటారు."

"చూశాడని మీకెవరు చెప్పారు?"

"మెసేజ్ పెట్టె అతని కుర్చీకి ఎదురుగానే ఉంటుంది కదా!"

"ఎదురుగా ఉన్న పెట్టెలోకి మెసేజ్ వచ్చిందా అని అడుగుతున్నాను."

మేనేజర్ ఫైలు మూసి పక్కకి జరిపాడు.

తలుపు దగ్గర ఒక స్త్రీ నిలబడి ఉంది. మెకానిక్ భార్య. ఇక్కడే ప్యాకింగ్ హాల్లో సూపర్‌వైజర్. రాత్రంతా ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"నాకింకేం వద్దు మేడమ్. ఆయన చూసి కూడా వెళ్ళాడని మాత్రం రాయొద్దు. ఇంట్లో కాస్త గ్యాస్ వాసనొస్తే నన్ను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చే మనిషి. వెళ్ళొద్దని రాసుంటే వెళ్ళేవాడు కాదు. రేపు నా పిల్లలు వాళ్ళ నాన్న చేజేతులా చచ్చాడని వినకూడదు."

ఇన్‌స్పెక్టర్ తలూపింది. మొగుడు పోయి రోజైనా తిరగని మనిషిని ప్రశ్నలతో పొడవడం ఆమెకి ఇష్టంలేకపోయింది. అదే తన తప్పని ఆమెకి అప్పుడు తెలియదు.

*

కంప్రెసర్ రూములో గోడకి టిఫిన్ డబ్బా అంత పెట్టె. చిన్న తెర. కింద రెండు బటన్లు.

దాని గురించి చెప్పింది నెట్‌వర్క్ ఇంజనీర్. మెకానిక్‌కి స్వయానా బావమరిది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇలాంటివి ముప్పై నాలుగున్నాయి మేడమ్. అన్నీ అందరికీ పంపితే ఎవరూ చదవరు. అందుకని ఏ పెట్టెకి ఏ మాటలు కావాలో అందులోనే రాసిపెడతాం. ఆ మాట ఉన్న మెసేజే అక్కడికి వెళ్తుంది. ఇదిగో, బావ పెట్టెలో 'ఫ్యాను', 'కంప్రెసర్', 'అమ్మోనియా' మూడూ ఉన్నాయి."

"కంట్రోల్ రూమ్ నుంచి నేరుగా వస్తుందా?"

"లేదు. ఒక్కోదానికీ విడిగా లైను వెయ్యాలంటే చాలా ఖర్చు. ఒక పెట్టె పక్క పెట్టెకి అందిస్తుంది."

"దీనికి అందించేది ఏది?"

అతను పెట్టె వైపు తిరిగి చెప్పాడు. "ప్యాకింగ్ హాలు పెట్టె."

"అదొక్కటేనా?"

"నేను గీసిన ప్లానులో ఇంకో దారి ఉండేది. మేనేజర్ గారు కొట్టేశారు."

"నిన్న మెసేజ్ వచ్చిందో లేదో తెలిసే దారుందా?"

"లేదు మేడమ్. చదివి పచ్చ బటన్ నొక్కితే చెరిగిపోతుంది. చౌకరకం పెట్టెలు. వీటిలో లాగ్ ఉండదు, ఏది ఎప్పుడొచ్చిందో ఎక్కడా మిగలదు."

తర్వాత కంట్రోల్ రూమ్. ఆపరేటర్ అమ్మాయి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఆమె తెర మీద రెండు మెసేజ్‌లూ ఉన్నాయి. 3.30కి ఏడో గది ఫ్యాను ఆగిందని. 3.52కి లీకు.

"ఫ్యాను చూడ్డానికి నాలుగింటికి వెళ్ళుంటారు మేడమ్. మొదట్లో లీకు కొంచెమే. కంప్రెసర్ రూములో రోజంతా ఆ వాసనే పీలుస్తారు, ముక్కుకి తెలియదు. మీరడిగాక సారు మాట మార్చి, నేను ఆలస్యంగా పంపి టైము మార్చానంటున్నారు, ఉద్యోగం తీసేస్తారట. నాకు మార్చడం రాదు మేడమ్, ఒట్టు!"

చివరికి ప్యాకింగ్ హాలు. ఇంజనీర్ అక్కడి పెట్టె కూడా తెరిచి చూపించాడు. అందులోనూ 'అమ్మోనియా' ఉంది. అన్నీ సక్రమంగానే ఉన్నాయి, మనిషి పోవడం తప్ప.

ఇన్‌స్పెక్టర్‌కి విసుగొచ్చింది. గోడవారగా నిన్నటి అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద సీలు వేసిన టైము, నిమిషాలతో సహా అచ్చయి ఉంది.

ఆమె ఒకటి చదివింది. రెండోది చదివింది. నోటుబుక్ తీసి, వంగి, వరసంతా చదవడం మొదలుపెట్టింది.

*

పదకొండూ ఇరవైకి నలుగురినీ కంట్రోల్ రూములో కూర్చోబెట్టింది. ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి. మీకు నేను విడిగా చెబుతాను," అంది మెకానిక్ భార్యతో.

"నా మొగుడి సంగతి నా వెనక చెబుతారా?"

"అక్కా, వెళ్ళు," అన్నాడు ఇంజనీర్.

"నువ్వూరుకోరా."

ఆమె కదల్లేదు. ఇన్‌స్పెక్టర్‌కి ఆ గదిలోంచి తనే లేచి వెళ్ళిపోవాలనిపించింది.

"మేనేజర్ గారూ, నిన్న లీకు మెసేజ్ వచ్చాక రూలు ప్రకారం హాళ్ళు ఎప్పుడు ఖాళీ అయ్యాయి?"

"మూడూ యాభై నాలుగుకల్లా అన్నీ ఖాళీ! మా డ్రిల్లు అలాంటిది మేడమ్."

"దీని మీద టైము చదవండి."

మేనేజర్ వంగి చూశాడు. "నాలుగూ మూడు."

"ఖాళీ హాల్లో సీలు ఎవరు వేశారు, దయ్యమా? 3.53కీ 4.15కీ మధ్య ఇలాంటివి ఇరవై రెండున్నాయి. ప్యాకింగ్ హాల్లో ఎవరూ బయటికి వెళ్ళలేదు. ఎందుకంటే అక్కడికి మెసేజ్ రాలేదు. కానీ పొద్దున నేను చూసినప్పుడు ఆ పెట్టెలో 'అమ్మోనియా' ఉంది. అంటే నిన్న మధ్యాహ్నం లేని మాట తర్వాత వచ్చి చేరింది. మాటలు మార్చే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే," అన్నాడు ఇంజనీర్.

"వాణ్ణేమీ అనకండి మేడమ్," అంది అక్క. "తీయమన్నది నేనే. పాత షెడ్డులో సెన్సర్ పాడైపోయి ఊరికే 'అమ్మోనియా' అని కూస్తోంది. వారంలో పదకొండు సార్లు! రూలు ప్రకారం ప్రతిసారీ హాలంతా బయటికి పరిగెత్తాలి. టార్గెట్ అందకపోతే సగం మందిని మాన్పించేస్తానన్నారు సారు. అందుకే మా పెట్టెలోంచి ఆ మాట తీసెయ్‌రా అన్నాను. తప్పే, ఒప్పుకుంటాను. కానీ మా హాలు పెట్టెకీ ఆయనకీ ఏం సంబంధం?"

ఇన్‌స్పెక్టర్ ఇంజనీర్ వైపు తిరిగింది.

"నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

ఇంజనీర్ అక్కకేసి చూశాడు. "బావ పెట్టెకి ఏదైనా మీ పెట్టె మీదుగానే వెళ్ళాలక్కా. వెనకవాళ్ళకి కావలసిన మాటలు కూడా ముందు పెట్టెలో రాసుండాలి, లేకపోతే అది దాటనివ్వదు. చౌక పెట్టె, చోటు తక్కువ. ఇద్దరికీ కావలసిన మాటని రెండుసార్లు రాయడం దండగని ఒక్కసారే రాశాను. అదే నా డిజైను. అందరూ మెచ్చుకున్నారు."

"అయితే?"

"నీకూ బావకీ కలిపి ఒకటే 'అమ్మోనియా' ఉంది. నీకని తీస్తే బావదీ పోయింది."

ఆమె తమ్ముడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అర్థమవుతున్నకొద్దీ ఆమె పెదాలు పాలిపోయాయి.

"తీసేటప్పుడు గుర్తు రాలేదా?" అంది ఇన్‌స్పెక్టర్.

"రెండో దారి ఉందిలే అనుకున్నాను మేడమ్. కొట్టేశారని తెలుసు. తెలిసి కూడా బుర్రలో నా ప్లానే ఉండిపోయింది. బావని చూశాక గుర్తొచ్చింది. ఐదింటికి మళ్ళీ రాశాను."

"రాసి నోరు మూసుకున్నావు. ఈ పిల్ల ఉద్యోగం పోతున్నా, మీ బావ మీద నింద పడుతున్నా."

"అక్కకి తెలియకూడదనుకున్నాను."

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. మొహంలో వెలుగు దాచుకోవడం అతనికి చేతకాలేదు. "అంటే మేడమ్, కంపెనీ పరంగా తప్పేమీ..."

ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం తీసి అతని ముందు పడేసింది. నెట్‌వర్క్ ప్లాను. కంప్రెసర్ రూముకి వెళ్ళే రెండో గీత మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. పక్కన 'అనవసరం' అని రాసి అతని సంతకం.

"ఆ ఒక్క మాటకి మీరు కోర్టులో జవాబు చెప్పుకోవాలి."

"పైవాళ్ళు ఖర్చు తగ్గించమన్నారు మేడమ్. నాదేముంది?" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "అన్నట్టు, ప్యాకింగ్ హాలు ఎప్పుడు తెరుచుకోవచ్చు?"

ఆపరేటర్ అమ్మాయి మొహం తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి లేవబోయి ఆగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత కష్టపడి ఆపుకున్న చెయ్యి లేదు.

మెకానిక్ భార్య కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆయన చూసి వెళ్ళలేదని తేలిందా మేడమ్?"

"తేలింది. మెసేజ్ రాలేదని రాస్తాను."

"ఎందుకు రాలేదో కూడా రాస్తారుగా?"

"రాయాలి."

"నన్నేమని రాస్తారు?"

ఇన్‌స్పెక్టర్ కాగితం వైపు చూసింది. "సాక్షి."

"ఆయన మీద వేసిన అబద్ధం తీసేశారు, సంతోషం. ఇప్పుడు నాకోసం ఇంకోటి రాయకండి."

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

ఆమె వాడి వైపు తిరగలేదు. "నేను తీయమన్నాను. నేను చెబితేనే తీశాడు. అలా రాయండి. పిల్లలకి నేను చెప్పుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ ఆమె చెప్పినట్టే రాసింది. రాసింది పైకి చదివి వినిపించింది. ఆమె ఒక్క మాట కూడా మార్చమనలేదు. పెన్ను అడిగి తీసుకుని సంతకం చేసింది.