సాయమ్మ మిట్ట మీద ఆముదం

"కురుమూర్తీ! ఓరి కురుమూర్తీ! బండి ఎందుకు ఆగిందిరా?"

అరిచింది చెన్నయ్య సావుకారి. అరిచి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కానీ ఏం లాభం... పేరు అప్పటికే గాలిలో కలిసిపోయింది.

అది సాయమ్మ మిట్ట. మానవపాడు నుంచి గద్వాలకు వచ్చే బాటలో, పొద్దుగూకాక ఆ మిట్ట మీద ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పిలిస్తే ఆమె వింటుంది. వింటే పట్టుకుంటుంది — వెనక నుంచి.

ఎప్పుడో ఒక నూలు బండి ఈ ఎక్కుడు ఎక్కలేక మొరాయించిందట. బండి ఆసామి ముందు నిలబడి, వెంట వచ్చిన కూలిమనిషిని "సాయమ్మా, తొయ్యి!" అని అరిచాడట. ఆమె వెనక నుంచి తోసింది. ఆయన ముందు నుంచి వదిలేశాడు. బండి ఆమె మీదికి దొర్లింది. పంచాయతీలో మాత్రం "సాయమ్మే చెయ్యి వదిలింది" అన్నాడట. చచ్చిన మనిషి వచ్చి కాదంటుందా? అప్పటి నుంచి, కడుపులో దొంగమాట పెట్టుకొని మిట్ట ఎక్కేవాడి బండిని ఆమె వెనక్కి పట్టుకుంటుంది. ఆ మాట కక్కేదాకా వదలదు... అని చెప్పుకుంటారు.

మానవపాడులో ఈ కథ విని చెన్నయ్య పొట్ట పట్టుకొని నవ్వాడు. నవ్వి గంట కాలేదు. "దయ్యాలు ఎడ్లబండ్లకురా! ఇది పటాలం మోటారు సైకిలు. దీన్ని పట్టాలంటె దయ్యం గూడ పెట్రోలు తాగాలె" అన్నాడు. యుద్ధం అయిపోయాక సికింద్రాబాదులో వేలం వేస్తే కొన్న బండి అది. గద్వాలలో చీరల సావుకార్లు ఎందరున్నా, పెళ్ళిచీరల మూట మోటారు సైకిలు మీద పంపేది ఆయన ఒక్కడే.

ఇప్పుడా బండి మిట్ట నడుమ పులిలా గాండ్రిస్తోంది. ముందుకు మాత్రం జానెడు కదలడం లేదు.

"వెనుక ఎవరో... పట్టుకున్నరురా..." సావుకారి గుసగుసలాడాడు.

"వెనుకున్నది నువ్వే గద సావుకారి."

ఇంజను ఆపి, కురుమూర్తి దిగి, వెనక చక్రానికి వెనక రాయి పెట్టాడు. నక్షత్రాలు ఆకాశమంతా మగ్గానికి పడుగు నూలు పరిచినట్టున్నాయి. పడుగు చూస్తే అతనికి నాయన గుర్తొస్తాడు.

అతని నాయన వెంకట్రాములు. గద్వాలలో కుట్టు అంచు చీరకు ఆయన చెయ్యి పెట్టింది పేరు. పదేండ్ల కింద, ఆయన నేసిన చీరలలో జరీ గీకితే ఎర్రగా రాగి తేలింది. "నేనిచ్చింది అసలు వెండి జరీ. మార్చింది వెంకట్రాములే" అన్నాడు చెన్నయ్య. కులపెద్దలు మగ్గం దించేసి, నేత మాన్పించారు. ఆ మనిషి పెండ్లాం బిడ్డలతో కోడేరు పోయి, ఇప్పటికీ పల్లీ చేలల్లో కూలికి పోతున్నాడు. కురుమూర్తి పటాలం కార్ఖానాలో బండ్ల పని నేర్చుకొని, తల్లీ తండ్రీ లేని అనాథనని చెప్పి చెన్నయ్య దగ్గర కొలువుకు చేరాడు. నిజం తెలుసుకోవాలి, నాయన మగ్గం మళ్ళీ నిలబెట్టాలి. ఏడాది అయింది. అడగడానికి నోరు లేవలేదు.

దగ్గరలో మాడిన వాసన వస్తోంది.

"శవం గాలిన వాసన..." అన్నాడు చెన్నయ్య.

"కాదు. ఆముదం."

కురుమూర్తి ఎడమచేతి కింది క్లచ్చి మీటను వేలితో కదిపి చూశాడు. తీగ బిగుసుకోలేదు, ఉండాల్సిన వదులు ఉంది. కిక్కు తొక్కాడు. ఇంజను తిరగలేదు. కాలు మాత్రం వెన్నలో దిగినట్టు సర్రున దిగింది. లోపల ఏదో జారుతోంది.

పెట్రోలుకు మంట తగలకుండా లాంతరు ఇరవై అడుగుల దూరంలో పెట్టించి, పక్క మూత విప్పాడు. వేళ్ళకు జిడ్డు.

"సావుకారి, దీంట్ల ఆముదం ఎవరు పోసిన్రు?"

సావుకారి చీకట్లోకి జరిగాడు. తర్వాత చిన్నగా, "మొన్న ఆయుధపూజ నాడు... నేనే... పావుసేరు. మగ్గానికి పోస్తం, బండి ఇరుసుకు పోస్తం. దీనికి పోయకుంటె అలుగుతదనుకున్న."

"ఇరుసు తిరగాలంటె జారాలె. ఇవి జారొద్దు. ఇంజను బలం చక్రానికి పోవాలంటె ఈ బెండు బిళ్ళలు ఒకదాన్నొకటి కరుచుకోవాలె. నువ్వు వాటికి తలంటు పోసినవ్."

"సరె సరె. గట్టిగ మాట్లాడకు, ఆమె వింటది."

మరలు విప్పి, స్ప్రింగులు తీసి, బిళ్ళలు ఒక్కొక్కటీ పెట్రోలుతో కడిగాడు. తుడవడానికి గుడ్డ లేదు. సావుకారిని కండువా అడిగాడు. ఇయ్యనంటే ఇక్కడే తెల్లారుతుందన్నాడు. కండువా వచ్చింది. తుడుస్తుంటే అంచు గోరుకు తగిలింది... గీకి చూశాడు. తెల్లగా వెండి మెరిసింది. ఆయన ఒంటి మీది జరీ మాత్రం అసలుదే.

మూత బిగిస్తుండగా కింద గంటల చప్పుడు. చెన్నయ్య కురుమూర్తిని కావలించుకున్నాడు. వచ్చింది దయ్యం కాదు, సంత నుంచి తిరిగొచ్చే నేత సాలోళ్ళ బండ్లు నాలుగు. ముందు బండిలో కులపెద్ద మార్కండేయ తాత. వెంకట్రాములు మగ్గం దింపించిన మనిషి.

"ఎవరయ్యా అది? పేర్లు జెప్పకున్రి, గొంతు ఇనిపించున్రి చాలు."

"నేనే తాతా," అని చెన్నయ్య నిటారుగా నిలబడ్డాడు. పదిమంది కనబడగానే ధైర్యం తిరిగొచ్చింది. "ఈ పోరడు క్లచ్చిల ఆముదం పోసి బండి చెడగొట్టిండు. అనాథ అని అన్నం పెడితె గిట్ల జేసిండు!"

కురుమూర్తి చేతిలో పానా ఆగిపోయింది. నాయన పేరు కూడా ఇట్లనే చెప్పి ఉంటాడు... ఇంత సుళువుగా, గుటక వేసినంత సుళువుగా.

మూత చివరి మర బిగించాడు. "ఎక్కు సావుకారి" అన్నాడు.

కిక్కు తొక్కితే ఈసారి ఇంజను గట్టిగా ఎదురు తిరిగి అందుకుంది. బిళ్ళలు కరుచుకున్నాయి. బండి బాగైంది. నొక్కి పట్టిన క్లచ్చి మీట వదిలితే మిట్ట ఎక్కేస్తుంది.

కురుమూర్తి మీట వదలలేదు.

ఇంజను గాండ్రించింది. బండి కదలలేదు. దయ్యం ఇప్పుడు అతని ఎడమ గుప్పిట్లో ఉంది.

"బాగైందంటివి గదరా!"

"బండి బాగైంది సావుకారి. పట్టుకున్నది బండి గాదు. కడుపుల ఏమన్నుంటె కక్కు."

"అవ్వా... కొబ్బరికాయ కొడత..."

కదలలేదు.

"ఏటపిల్లను కోస్త!"

కదలలేదు. వెనక బండ్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆముదం... ఆముదం పోసింది నేనే! పోరడు గాదు!"

వేళ్ళు కొంచెం సడలాయి. బండి మూరెడు కదిలి ఆగింది. మార్కండేయ తాత లాంతరు పైకెత్తాడు.

"తాతా, ఆమె వింటది!" చెన్నయ్య ఏడుపు గొంతుతో అన్నాడు. ఒళ్ళంతా చెమట. బండి మళ్ళీ గాండ్రించింది, ఇంకా గట్టిగా.

"జరీ! పదేండ్ల కింద... రాగి జరీ ఇచ్చింది నేనే! పట్టుబడేసరికి వెంకట్రాములు పేరు జెప్పిన! ఆయన తియ్యలేదు. ఒక్క పోగు తియ్యలేదు అవ్వా... వదులు!"

ఎడ్ల గంటలు కూడా ఆగిపోయాయి. "అయ్యో... చేతులార మగ్గం దించితిమి గదరా," అన్నాడు తాత. లాంతరు కిందికి దించాడు.

కురుమూర్తి కళ్ళు మసకబారాయి. చాలు. మీట వదిలేశాడు.

బండి కదలలేదు.

గుప్పిట విప్పాడు. చెయ్యి పూర్తిగా తీసేశాడు. మాడిన వాసన లేదు. బిళ్ళలు జారడం లేదు. తీగ ఇరుక్కుందేమో... అనుకున్నాడు. వంగి చూశాడు.

మీట లోపలికి వంగే ఉంది. ఎవరో నిమ్మళంగా పట్టుకున్నట్టు. దాన్ని ముట్టుకుంటే, పెట్రోలు తడి ఆరిన వేళ్ళకు చల్లగా తగిలింది — ఇనుము కంటే మెత్తగా.

కడుపులో దొంగమాట పెట్టుకొని మిట్ట ఎక్కేవాడిని...

"ఏమైందిరా? అంత కక్కిన గద!" చెన్నయ్య వెనక నుంచి ఏడుస్తున్నాడు.

కురుమూర్తి మీట మీది నుంచి చెయ్యి తీశాడు. ఇంజను మీదుగా, మిట్ట అంతా వినబడేటట్టు, పేరు పలకగూడని చోట గొంతెత్తి అరిచాడు:

"నేను అనాథను గాను అవ్వా! మా నాయన సచ్చిపోలే, కోడేరుల బతికే ఉన్నడు... వెంకట్రాములు కొడుకును నేను, కురుమూర్తిని! ఇందాక పట్టుకున్నది నేనే!"