లోతు కొలిచే యంత్రం

సముద్రం ముందుకు జరిగి, విశ్వవిద్యాలయానికి పడవల్లో వచ్చిపోతున్న రోజులవి. అప్పటికి ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు లేరు. చెవిలో పూసంత అనువాదిని పెట్టుకుంటే చాలు, పరిశోధకుడు తెలుగులో గొణిగినది ఇంగ్లీషు వ్యాసమై కూర్చునేది. అందుకని ఇంగ్లీషు శాఖ బోర్డు మూడుసార్లు మారింది. మొదట భాషా సేవల విభాగం, తరవాత రచనా సహాయ కేంద్రం. చివరికి క్యాంటీన్ వెనక గదికి చేరి ఉత్త ‘సహాయం’గా మిగిలింది.

ఆ గదిలో మిగిలిన ఒకే ఒక్క అధ్యాపకురాలు నాగవర్ధని. ఇప్పుడావిడ పని పాఠం చెప్పడం కాదు, బరువెక్కించడం. అనువాదిని రాసే ఇంగ్లీషు మరీ తేటగా ఉంటుంది. తేటగా ఉన్నది పండితులకు ఆనదు. అందుకని ఒక్క ముక్కలో చెప్పేదాన్ని మూడు పేజీలు చేసిపెట్టాలి. ఆచార్యులు ఇస్త్రీకొట్లో బట్టలు పడేసినట్టు వ్యాసాలు బల్లమీద పడేసి, “సాయంత్రానికి ఇచ్చేస్తారా మేడం?” అని కాఫీకి పోయేవాళ్లు. గంజి పెట్టిన చొక్కాలు, లోపల మనిషి లేడు అని ఆవిడ వాళ్లను మనసులో ఈసడించుకునేది.

అలా పడేసి పోకుండా ఎదురుగా కూర్చుని, ఇక్కడ ఈ మాట ఎందుకని అడిగేది రిజ్వానా ఒక్కతే. ఉప్పునీళ్లు పొలాల్లోకి ఎక్కిన ప్రాంతం పిల్ల. ఆటుపోట్లను బట్టి తూము తెరిచి మూస్తే చవుడుబారిన నేలలో మళ్లీ వరి పండుతుందని ఏళ్ల తరబడి గమనించి తేల్చింది. డిగ్రీ వస్తే ఆ పద్ధతి ఊళ్లకు వెళుతుంది. రాకపోతే అది కాగితంలోనే ఉండిపోతుంది.

ఆ ఏడు హిమజ అనే శాస్త్రవేత్త సారదర్శినిని తయారుచేసి తెచ్చింది. బియ్యం డబ్బా అంత యంత్రం. సాంకేతికంగా సిమాంటిక్ ఎక్స్‌ట్రాక్టర్. రాసినదైనా పలికినదైనా దాని ముందు పెడితే, చేటలో చెరిగినట్టు పొట్టంతా ఎగరగొట్టి, ఆ మనిషి నిజంగా చెప్పిందేమిటో తేట తెలుగులో పలుకుతుంది. దాన్ని నడపడానికి ఖాళీగా దొరికింది నాగవర్ధనే గనక ఆవిడకు ‘సారపరిశీలకురాలు’ అని కొత్త పేరు పెట్టారు. ఆవిడ పొంగిపోయింది.

రిజ్వానాను పిలిచి వ్యాసానికి బరువెక్కించవద్దని, ఉన్నదున్నట్టు ఇమ్మని చెప్పింది.

“డీన్‌గారు ఊరుకుంటారా మేడం? మొన్ననే పల్చగా ఉందన్నారు.”

“ఇక వాళ్ల పప్పులుడకవమ్మా. నేనున్నాగా.”

వ్యాసాలనూ గ్రంథాలనూ యంత్రం ముందు పెట్టి చూడ్డానికి పరిషత్తు కూర్చుంది. ముందు రిజ్వానా వ్యాసం పెట్టారు. తూము ఎప్పుడు తెరవాలో, ఎందుకు తెరవాలో, ఉప్పు ఎలా దిగిపోతుందో యంత్రం నాలుగు మాటల్లో చెప్పింది. టీ పోస్తున్న మనిషి కూడా ఆగి విన్నాడు.

తరవాత డీన్ పరాంకుశంగారి గ్రంథం. దిండు కింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. యంత్రం చాలాసేపు గుర్రుమంది.

“ఇందులో చెప్పిన విషయం ఏదీ లేదు.”

పొరపాటేమోనని మళ్లీ పెట్టారు.

“చెప్పిన విషయం ఏదీ లేదు. రాసినవారికి ఇంకో పదవి కావాలి.”

పక్కవాళ్లు నవ్వబోయి, తరవాతి గ్రంథాలు తమవేనని గుర్తొచ్చి మూతులు బిగించారు. వాళ్లవీ అంతే అయ్యాయి. చివరికి ఉపకులపతి గొంతు సవరించుకున్నాడు.

“ఏమ్మా హిమజా, నీ యంత్రం తనకు అందిందే చెబుతుంది కదా?”

“అవునండీ.”

“అందనిది చెప్పలేదు కదా?”

ఆమెకు వచ్చే ఏటి ప్రయోగశాల ఆయన సంతకం మీద ఉంది. చెప్పలేదండీ, అంది హిమజ తల దించుకుని.

“అదీ సంగతి. యంత్రానికి సైతం అందని లోతు మన పరాంకుశంగారిది.”

“నీళ్లు లేని నుయ్యినీ లోతే అంటారా అండీ?” అంది నాగవర్ధని లేచి నిలబడి. చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

ఆ పూటే తీర్మానం రాశారు. యంత్రం దేన్లో ఏమీ పట్టుకోలేకపోతే దానికే మొదటి తరగతి. చెప్పినదంతా పైకే తేలుతోంది గనక, రిజ్వానా తన వ్యాసాన్ని లోతు చేసి తేవాలి. లోతు చేయించే బాధ్యత నాగవర్ధనిది. ఆవిడ ఇకమీదట ‘లోతు ఆచార్యురాలు’. పై అంతస్తులో, సముద్రం వైపు గది.

మర్నాడు రిజ్వానా వ్యాసం చేత్తో పట్టుకుని వచ్చింది. ఆ పదవి మొహాన కొట్టి వస్తానని, ఆ తరవాత నీ వ్యాసం సంగతి కూడా అడిగేస్తానని నాగవర్ధని చెప్పింది. ఉపకులపతి ముందు మాట తడబడకూడదని సారదర్శిని మీట నొక్కి, అనబోయేదంతా దాని ముందు ఒకసారి అనేసింది. ఇరవై ఏళ్లు క్యాంటీన్ పొగ పీల్చినదాన్ని సముద్రపుగాలికి లొంగుతాననుకున్నారా అంది. అంత పెద్ద గదిని, తలుపు మీద ఆ పేరును తాను గడ్డిపోచగా చూస్తానంది. అంటున్నంతసేపూ ఆవిడ గొంతు ఖంగుమంది. రిజ్వానా కళ్లు చెమర్చాయి.

యంత్రం ఎంతోసేపు తీసుకోలేదు.

“ఇన్నాళ్లూ నన్నెవరూ లెక్కచేయలేదు. ఆ గది కావాలి. ముందు కాదంటాను, ఇంకోసారి అడగండి.”

తూము గురించి, వరి గురించి ఏమైనా వస్తుందేమోనని రిజ్వానా ఎదురుచూసింది. ఇంకేమీ రాలేదు.

నాగవర్ధని మీట ఆపేసింది. చీర కుచ్చిళ్లు సవరించుకుంది.

“మరీ లోతైనవి దీనికి అందవులే,” అంది.

రిజ్వానా ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చోలేదు. వ్యాసాన్ని బల్లమీద పెట్టి, చెవిలో అనువాదిని పూస సర్దుకుంది.

“సాయంత్రానికి ఇచ్చేస్తారా మేడం?”