కుర్చీకి కుట్టిన భుజకీర్తులు

నేను ఇదివరకెప్పుడూ ఏమీ రాయలేదు. నాలుగో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత చేతికి సూదే వచ్చింది. ఎవరికైనా చెబుదామంటే నోరు పెగలదు. నలుగురున్న చోట నేనున్నట్టే తెలియదు. అందుకని రాస్తున్నాను.

కలకత్తా చిత్‌పూర్ రోడ్డులో జాత్రా నాటకాల వాళ్ళకి దుస్తులు కుట్టే కొట్టు మాది. మాది అంటే ఖగేన్ పాల్ గారిది. ఆయన్ని కాకా అంటాను, అంటే బాబాయ్. నా భర్త పోయాక కొట్టు పైన గది నాకిచ్చాడు. పగలు కుట్టుపని, రాత్రి కాపలా. సాయంత్రం కాకా ఇంటికి వెళ్ళిపోతే మిగిలేది నేనూ, కొయ్యబొమ్మలూ. వాటికి తలలుండవు. అయినా అన్నం తినేటప్పుడు వాటివైపు తిరిగి కూర్చోవడం అలవాటైంది.

ఆ యేడు రథయాత్రకి ముందు ఈస్టిండియా కంపెనీ కాలం నాటి నాటకం ఒకదానికి దుస్తుల పని మాకొచ్చింది. హీరో ప్రలయ్ కుమార్‌ది దొరల కెప్టెన్ వేషం. ఆయన మేనేజరు హరాధన్ బాబు వచ్చి, ఎర్రకోటు మీరే కుట్టండి గానీ భుజాల మీద జరీ కుచ్చుల భుజకీర్తులు మాత్రం అసలువే కావాలన్నాడు. కిందటేడు మేం పెట్టినవి వానలో రంగు కారి, మా హీరో చంకలు పసుపు రాసిన పెళ్ళికూతురి చంకల్లా అయ్యాయని వెక్కిరించాడు. అసలువి దొరక్కపోతే ఈ యేటి పనంతా ఎదురుకొట్టుకి వెళ్ళిపోతుంది. అదే జరిగితే తాళం వేసి ఊరెళ్ళిపోతానని కాకా నాతో మెల్లగా అన్నాడు. తాళం వేస్తే నా గదీ పోయినట్టే. నాకు వెళ్ళడానికి ఊరేదీ లేదు.

పాత సామాన్ల వాళ్ళని అడిగాను. బ్యాండుమేళం వాళ్ళ గదులన్నీ తిరిగాను. కొన్ని రేకువి, కొన్ని ప్లాస్టిక్‌వి. చివరికి బాకా ఊదే ముసలాయన ఒకడు, బారక్‌పూర్‌లో ఐరీన్ ఆంటీ అనే ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఇంట్లో ఒక జత చూశానని చెప్పాడు. లోకల్ రైలెక్కి వెళ్ళాను.

ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. గోడలంతా చెమ్మ. కర్పూరం వాసన, దాని అడుగున తడిసిన ఉన్ని వాసన. భోజనాల బల్ల దగ్గర రెండే కుర్చీలు. ఒకదాని వీపు మీద, మనిషికి భుజాలుండే చోట, అటొకటీ ఇటొకటీ కుట్టి ఉన్నాయి భుజకీర్తులు. అసలైన జరీ. వేలంత లావు కుచ్చులు. వయసుకి కాస్త నల్లబడ్డాయి, అంతే.

మా వంశంలో ఎవరివో, పేరు కూడా మిగల్లేదు అంది ఆవిడ. కుర్చీకి ఎందుకు కుట్టారని అడిగాను.

"ఎదురుగా ఒకరు కూర్చున్నట్టుంటుంది అమ్మాయ్. ఒక్కదాన్నే తింటే ముద్ద దిగదు."

నాకర్థమైంది.

ఆవిడ మర్నాడే వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతోంది. అక్కడ సొంత సామాను పెట్టుకోనివ్వరట, అందుకే భుజకీర్తులు తీసుకుపొమ్మంది. నేను దారాలు తెంపుతున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడింది. అయ్యాక, కుర్చీ కూడా తీసుకెళ్ళకూడదూ అని అడిగింది. రైల్లో కుర్చీ ఎక్కడ పట్టుకుపోను? తల అడ్డంగా ఊపాను.

మా కొట్టులో ఒక కట్టుబాటుంది. రాజులూ, సేనాపతులూ, ఒకప్పుడు బతికి చచ్చిపోయిన ఎవరి వేషమైనా సరే, చివరి గుండీ కుట్టం. నటుడొచ్చి కోటు తొడుక్కుని నిలబడ్డాక, ఒంటిమీదే కుడతాం. పూర్తయిన దుస్తుని ఖాళీగా ఉంచితే అది మనిషి కోసం చూస్తుందంటాడు కాకా.

నేను బారక్‌పూర్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం వాన. కాకా పెందలాడే వెళ్ళిపోయాడు. పొద్దున్నే హరాధన్ బాబు చూడ్డానికి వస్తాడు. భుజకీర్తులు తగిలించి కోటుని కొయ్యబొమ్మకి తొడిగాను. కళ్ళు తిప్పుకోలేకపోయాను. మెడ కింద ఆ ఒక్క గుండీ చోటే బోసిగా ఉంది. హరాధన్ బాబు దాన్నే పట్టుకుని ఏదో అంటాడు, అంటే నేను జవాబు చెప్పలేను.

కుట్టేశాను. పళ్ళతో దారం కొరికాను.

కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలిగించాను. వీధిలో అలికిడి లేదు. వాన ఒక్కటే. జరీ కుచ్చులు కదిలితే ఒక చప్పుడొస్తుంది, దోసిట్లోంచి సన్న గొలుసు జారినట్టు. ఆ చప్పుడు వినిపించింది. కిటికీలు మూసే ఉన్నాయి. గాలి లేదు...

మళ్ళీ.

ఎలకేమో అనుకుని కోటు లోపలికి చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే విప్పినట్టు... కాదు. ఇంకా విప్పనట్టు.

చెయ్యి లాక్కున్నాను. తడి ఉన్ని వాసన గుప్పుమంది. నా కళ్ళ ముందే గుండీల వరస నెమ్మదిగా పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది...

"ఎవరు?" అన్నాను.

తర్వాత నా చెవికి మరీ దగ్గరగా, బాగా అలిసిపోయిన గొంతు.

"కుర్చీ ఏది?"

తలుపు ఆ కోటుకి అవతల ఉంది. నేను కూర్చుని కుట్టుకునే కుర్చీ ఒక్కటే నా పక్కనుంది. దాన్ని కాలితో మెల్లగా అటు నెట్టాను. కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో చెక్క కిర్రుమంది... బరువైన మనిషెవరో కూర్చున్నట్టు. ఒక నిట్టూర్పు.

నేను గుడ్డల మూటల మధ్య మోకాళ్ళు ముడుచుకుని ఉండిపోయాను. అది ఊపిరి తీసినప్పుడల్లా కుచ్చులు గలగలమనేవి. ఎప్పుడో ఆ చప్పుడు లేచి, గదంతా తిరిగి, మెట్ల వైపు వెళ్ళింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. పైన ఉన్నది నా గది ఒక్కటే. దాని తాళంచెవి నా కొంగుకి ముడేసి ఉంది. తెల్లారేదాకా ఆ చప్పుడు దిగి రాలేదు.

పొద్దున కాకా వచ్చేసరికి కోటు, ఎక్కడికీ కదలనట్టు, కొయ్యబొమ్మ మీద చల్లగా, మామూలుగా ఉంది. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే భుజకీర్తులు పీకించేస్తాడు. తర్వాత తాళం. మింగేశాను. హరాధన్ బాబు వచ్చి కుచ్చులు వేళ్ళతో ఎత్తి చూశాడు, వాసన చూశాడు, ఈసారి తిట్టడానికేం మిగల్చలేదు దీదీ అన్నాడు. కోటుని పెట్టెలో పెట్టించుకుని, యేడాది పని మాకే ఒప్పజెప్పి వెళ్ళాడు.

"ఇంక నీ గదికి ఢోకా లేదు టగర్. కళ్ళు చూడు ఎలా ఉన్నాయో. పో, కాసేపు పడుకో," అన్నాడు కాకా.

పైకెళ్ళాను. కొంగు ముడి విప్పి తాళం తీశాను. కిటికీ నేను వేసిన గడియ వేసినట్టే ఉంది. మంచం మీద గోడవైపు దుప్పటి నలిగి ఉంది. దిండు మధ్యలో గుంట. ఆ గుంట పక్కన వరసగా గీతలు, లావు జరీ కుచ్చులు ఒత్తుకుంటే పడేలాంటివి. చెయ్యి ఆనించి చూశాను. వెచ్చదనం ఇంకా పోలేదు.

తలుపుకి లోపల గడియ వేసి, గోడవైపు చోటు వదిలి, ఇవతలి అంచున పడుకున్నాను.