పచ్చిపులుసు పోసిన గిన్నె

ఆ శనివారం పొద్దున రెబెకా లేచి వంటింట్లోకి వచ్చేసరికి, హైదరాబాదు నుంచి బట్టల మధ్య చుట్టి పదిలంగా తెచ్చుకున్న టిబెట్ కంచుగిన్నెలో పచ్చిపులుసు ఉంది. గిన్నెతో పాటు తెచ్చిన తోలు చుట్టిన కర్రతో రూతమ్మ పప్పు ఎనుపుతోంది. కూతురి మొహం చూసి ఆమె ఏమాత్రం తడబడలేదు. తడబడటం ఆమెకు చేతకాని పని. ఆత్మకూరులో ఆ వాడకట్టులో ఎవరి పిల్లకు ఏ పేరు పెట్టాలో కూడా ఆమె చెప్పందే తేలదు.

"గిన్నె మంచిగుంది. పప్పుగుత్తే జర బరువు" అంది.

రెబెకా గిన్నె ఖాళీ చేసి, కడిగి తుడిచి, అది దేనికో చెప్పింది. తను పనిచేసే ప్రకృతి వైద్యశాలలో మనుషుల్ని పడుకోబెట్టి, గిన్నెను ఒంటి మీద పెట్టి మోగిస్తారు. కళ్లు మూసుకుని ఆ మోత మీద ధ్యాస పెడితే మనసు నెమ్మదిస్తుంది. ఆరు నెలల పాటు ఆ పని నేర్చుకుంది. రేపు సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్తే, ఇకమీదట ఆ గిన్నెల గది బాధ్యతంతా ఆమెదే.

పప్పుకు తాలింపు పడేలోపే రూతమ్మ తీర్పు చెప్పేసింది. వేరే దేవుళ్ల పూజ సామాను ఇంట్లో ఉండటానికి లేదు, కూతురు ఆ పనికి పోవడానికీ లేదు. వైద్యశాల అంటే దవాఖాన అనుకుని పంపింది గానీ గిన్నెలు కొట్టడానికి కాదు. పాస్టరు ఆశీర్వాదం గారికి మొహం ఎట్లా చూపించాలి? అది పూజ కాదని, అక్కడ ఎవరి దేవుణ్ణి వాళ్లే తలుచుకుంటారని రెబెకా ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

వాకిట్లో కూర్చున్న తండ్రి ప్రభుదాసుకు ఈ గొడవేదీ వినపడదు. ఎక్కడో పై రాష్ట్రంలో ప్రాజెక్టు సొరంగంలో బండలు పేల్చే కూలికి పదకొండేళ్లు పోయి, రెండు చెవులూ అక్కడే పోగొట్టుకుని వచ్చాడు. ఒకప్పుడు చర్చిలో డోలక్ ఆయనదే. ఇప్పుడు ఆదివారం పూట భార్యతో గేటు దాకా వచ్చి బయట అరుగు మీద కూర్చుంటాడు. పాట వినపడనివాడికి లోపలేం పనంటాడు. ఆరేళ్లుగా రూతమ్మ గెలవలేని పోరు అదొక్కటే.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మళ్లీ మాట పెరిగింది.

"నీ గిన్నెకు గంత బలముంటే మీ నాయిన చెవులు తెప్పియ్" అంది రూతమ్మ.

రెబెకా కంచం పక్కకు జరిపింది. "చెవులు రావమ్మా. అన్ని రోగాలు పోతయని మా దగ్గర కాగితాలు పంచుతరు. నేనైతే గా మాట ఎవ్వరికీ చెప్ప. పానం నిమ్మళమైతది, గంతే."

రూతమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఉద్యోగం కోసం పిల్ల ఒక్క అబద్ధమాడినా అక్కడికక్కడే కడిగేసేది. కడగడానికి ఏమీ దొరకలేదు. అయినా తగ్గకుండా, తన కళ్లముందే తండ్రి మీద పెట్టి చూపించమంది. పిల్ల ఓడిపోతుందన్న నమ్మకంతోనే అంది.

రెబెకా తండ్రి పక్కన చాప మీద కూర్చుని, ఆయన అరచేతిలో గిన్నె పెట్టి, పప్పు వాసన పోని కర్రతో అంచు మీద మెల్లగా కొట్టింది. ప్రభుదాసు ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. గిన్నె చాప మీద దొర్లింది. ఆయన మొహం పాలిపోయింది. సొరంగం నుంచి వచ్చిన కొత్తలో, కాళ్లకింద నేల కాస్త అదిరినా ఇట్లాగే అయ్యేవాడు. తన పంతం కోసం ఆయన్ని ముందుకు తోసినందుకు రూతమ్మకు సిగ్గేసింది. దాన్ని లోపల పెట్టమని చెప్పబోయింది.

ఈలోపు ఆయనే వంగి గిన్నె తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. కొట్టమని కూతురికి తల ఊపాడు. ఆమె కొట్టింది, ఆగాక మళ్లీ కొట్టింది.

చెవులు పోయినప్పటి నుంచి అలవాటైన పెద్ద గొంతుతో అన్నాడాయన: "రూతమ్మా, పేలేటప్పుడు బండ గిట్లనే వణుకుతుండె. గిది వణుకుతది గని పేల్తలేదు."

చాప మీద వెనక్కి వాలి గిన్నెను గుండెల మీద పెట్టించుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన వేళ్లు చాప మీద కదిలాయి. అది దరువు. పెళ్లయిన కొత్తలో రూతమ్మ చర్చిలో పాట ఎత్తుకున్నది ఆ దరువుకే. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్నేళ్లూ చెవులిమ్మని దేవుణ్ణి అడిగిందే గానీ, ఆయన చేతులు బాగానే ఉన్నాయన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

మర్నాడు చర్చి గేటు దగ్గర ప్రభుదాసు అలవాటుగా అరుగు వైపు తిరిగాడు. రూతమ్మ అందరూ చూస్తుండగా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి, డోలక్ ముందు కూర్చోబెట్టింది. పాట మొదలవగానే ఆయన మోకాలి మీద తాళం వేసింది. మొదట కాస్త వెనకబడ్డాడు. రెండో చరణానికి అందుకున్నాడు.

సాయంత్రం వనపర్తి మీదుగా హైదరాబాదు పోయే బస్సు దగ్గర గిన్నె ఉన్న సంచిని రూతమ్మే కూతురికి అందించింది. పాస్టరు గారికి ఏం చెప్తావని రెబెకా నవ్వుతూ అడిగింది.

"నేను చెప్పుడేంది, ఆయన కండ్లతోని చూసిండు కద. ఈసారి వచ్చేటప్పుడు మీ నాయినకు ఇంకోటి పట్కరా. పులుసు పొయ్యను తియ్."

ప్రభుదాసు కూతురు కూర్చున్న కిటికీ కింద బస్సు రేకు మీద అరచెయ్యి ఆనించాడు. ఇంజను మోతకు రేకు అదురుతోంది. బస్సు కదిలేదాకా ఆయన చెయ్యి తీయలేదు, రూతమ్మ తొందరపెట్టలేదు.