పులిసిన చక్కెర

ఆదివారం పొద్దున కనకలక్ష్మి తమ్ముడు రాకేశ్‌కు చాయ్ ఇచ్చింది. భర్త రవీందర్ గ్లాసులో మాత్రం చక్కెర వేయలేదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల ఆఫీసుకు అతను సెక్యూరిటీ సూపర్‌వైజర్. షుగర్ బయటపడ్డాక మిఠాయి మానేశాడు గాని, బీరు మానలేదు.

"చేదుగుంటది. అండ్ల చక్కెరేడిది?" అంటాడు ఎప్పుడూ.

రాకేశ్ పనిచేసేది బీరు ఫ్యాక్టరీలోనే. ఆమె సూటిగా అడిగింది.

"నిజం చెప్పురా. మీరు బీరుల చక్కెర కలుపుతరా, లేదా?"

"కొన్ని కంపెనీలు బియ్యం వేస్తయక్కా. మా దాంట్ల చక్కెరనే. కానీ అది..."

"ఇన్నవా?" ఆమె భర్త మీదికి తిరిగింది. "చాయ్‌ల చెంచెడు చక్కెర వేస్తే ఏమైతదోనని నేను పరేషాన్. నువ్వేమో సీసాలకు సీసాలు తాగుడు!"

"జర వాణ్ణి చెప్పనియ్యవే!"

"చెప్పిండు కదా!"

రాకేశ్ చాయ్ ముగించి మెల్లగా జారుకున్నాడు.

సాయంత్రం రవీందర్ పంతానికి తాగొచ్చాడు. కనకలక్ష్మి అన్నం గిన్నె మూత తీయలేదు.

"కావల్సినంత చక్కెర కడుపులకు పోయింది. ఇగ అన్నమెందుకు? గోలీ వేసుకొని పండుకో."

అతను అలిగి, షుగర్ గోలీ మింగి పడుకున్నాడు. తను చేసింది పథ్యమేనని ఆమె సర్దిచెప్పుకుంది.

తెల్లారి లేపితే లేవలేదు. బనియను చెమటకు తడిసి ముద్దయింది. పిలిస్తే మాట తడబడింది. పక్కింటివాళ్లు ఆటోలో దవాఖానకు చేర్చారు.

"రక్తంలో చక్కెర బాగా పడిపోయింది. రాత్రి ఏం తిన్నాడమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఏం తినలే సారూ. తాగొచ్చి, గోలీ మింగి పండుకున్నడు," అంది ఆమె.

గ్లూకోజు ఎక్కాక రవీందర్ కళ్లు తెరిచాడు. పరుగున వచ్చిన రాకేశ్ తల వంచుకున్నాడు.

"చక్కెర వేస్తమక్కా. కానీ పులిసేటప్పుడు అది చాలమట్టుకు మత్తుగ మారిపోతది. నిన్న అదే చెప్పబోయిన."

"ఆ మత్తు, గోలీ, ఖాళీ కడుపు, మూడూ కలిసి పడగొట్టాయి," అన్నాడు డాక్టరు.

మధ్యాహ్నం ఆమె టిఫిను డబ్బా విప్పింది.

"కోపంతోనే అన్నం పెట్టలే. నీ మంచికేనని చెప్పుకున్న."

"తాగింది నేను. అలిగింది నేను. ఇగ ముట్టనే, నీ మీద ఒట్టు."

"ఒట్లేం వద్దు." ఆమె కన్నీళ్లు తుడుచుకుని ముద్ద కలిపింది. "ఇగ కొట్లాడితే పళ్లెం ముందట కూసొనే కొట్లాడుదం. నోరు తెరువు."