స్పానరమ్మ ముక్కు

అమ్మ ఫ్రిజ్ తలుపు తీసింది. తీసినంత వేగంగానే మూసేసింది.

“ఇంకా పోలేదు ఆ కంపు,” అంది మోచేత్తో ముక్కు మూసుకుని. “నిన్న వంటింట్లోనే ఉంది. ఇవాళ హాల్లోకి కూడా వచ్చేసింది.”

టేబుల్ దగ్గర పాలు తాగుతున్న స్పానరమ్మ గ్లాసు కింద పెట్టింది. మూతి తుడుచుకుంది. ఈ రోజు కోసమే పుట్టినట్టు లేచి నిలబడింది.

“నేను చూస్తాను,” అంది.

స్పానరమ్మ అసలు పేరు స్కూలు రిజిస్టరులో మాత్రమే ఉంటుంది. నాన్న ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఈ అమ్మాయి పాకే వయసులో ఆయన టూల్ బాక్సులోంచి స్పానర్ లాగి నోట్లో పెట్టుకుందట. అప్పుడు అతుక్కున్న పేరు ఇప్పుడు ఐదో తరగతికి వచ్చినా ఊడలేదు. ఫ్రిజ్ ఎలా చల్లబడుతుందో, లోపల చేరిన నీళ్ళు ఎటు పోతాయో స్పానరమ్మకు తెలుసు. తనకు తెలుసన్న సంగతి ఇంకా బాగా తెలుసు.

నాన్న ఇంట్లో ఉంటే ఈపాటికి ఆ వాసన అంతు తేల్చేసేవాడు. కానీ ఆయన ఒక కోల్డ్ స్టోరేజీలో పెద్ద రిపేరు మీద వేరే ఊరు వెళ్ళాడు. ఊళ్ళో అందరి ఫ్రిజ్‌లూ బాగుచేసే మనిషి ఇంట్లోనే ఫ్రిజ్ కంపు కొడుతోందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? పరువు కాపాడాల్సిన బాధ్యత స్పానరమ్మ మీద పడింది. అలా అని ఎవరూ చెప్పలేదు, తనే వేసుకుంది.

“నాకు మందుల షాపుకి టైమవుతోంది. అమ్మమ్మా నువ్వూ కలిసి శుభ్రం చేయండి,” అంది అమ్మ చెప్పులు వేసుకుంటూ. “ప్లగ్ తీశాకే చెయ్యి పెట్టు. వెనక వైపు మాత్రం...”

“వెనక వైపు ముట్టుకోకూడదు. అది నాన్న పని. నాకు తెలుసమ్మా.”

అమ్మమ్మ అప్పటికే వేడినీళ్ళు బకెట్లో పోసి వంటసోడా కలుపుతోంది. అమ్మమ్మ ఈ ఇంటికి రాకముందు ఒక పెద్ద హాస్టల్లో వంటలకు పెద్ద దిక్కు. గిన్నె మీద మూత తీయకుండానే, వచ్చే ఆవిరిని బట్టి ఉప్పు తగ్గిందని చెప్పేసేది. ఈ ఇంట్లో వంటిల్లు ఆవిడ రాజ్యం.

ఇద్దరూ పని మొదలుపెట్టారు. స్పానరమ్మ ప్లగ్ తీసింది. అరలన్నీ బయటికి లాగి సోడా నీళ్ళతో కడిగింది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతల్లో పాత బ్రష్షు పెట్టి తోమింది. నీళ్ళు పోయే చిన్న రంధ్రంలో దూది చుట్టిన పుల్ల తిప్పింది. ఆఖర్న ఒక గిన్నెలో పొడి సోడా పోసి, ఒక నిమ్మచెక్కతో పాటు మధ్య అరలో పెట్టింది. నాన్న చేసే పని అచ్చం నాన్నలాగే, నడుం మీద చేతులు పెట్టుకోవడంతో సహా చేసింది.

ప్లగ్ తీసి ఉన్నంతసేపూ వాసన తగ్గుతూ వచ్చింది. వంటింట్లో నిమ్మచెక్క వాసన తప్ప ఏమీ లేదు.

“అయిపోయింది అమ్మమ్మా. ఇంక రమ్మన్నా రాదు,” అంది స్పానరమ్మ ప్లగ్ పెడుతూ.

అది సాయంత్రానికి మళ్ళీ వచ్చింది, ఎవరూ రమ్మనకుండానే. అమ్మ షాపు నుంచి వచ్చి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

స్పానరమ్మకు ఒళ్ళు మండిపోయింది. అంత కడిగాక కూడా వాసన వస్తోందంటే తప్పు తనది కాదు. మరి ఎవరిది? ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. కింది అరలో అమ్మమ్మ గిన్నెలు వరసగా కూర్చుని ఉన్నాయి. ఏది మిగిలినా పారేయడం అమ్మమ్మకు చేతకాదు. చిన్న గిన్నెలో పోసి, పైన పళ్ళెం బోర్లించి, ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది. పొద్దున కడిగేటప్పుడు కూడా వాటిని జాగ్రత్తగా పక్కన పెట్టి మళ్ళీ సర్దేసింది.

“దొరికింది,” అంది స్పానరమ్మ. “ఈ గిన్నెలే. ఎప్పటివో ఏమిటో. పాడైపోయినవన్నీ అమ్మమ్మ దాచిపెడుతోంది. నేను ఎంత కడిగి ఏం లాభం?”

అమ్మమ్మ ఒక గిన్నె అందుకుంది. పళ్ళెం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత మెల్లగా కింద పెట్టి, “నాకు తెలియడం లేదే,” అంది.

“ఏం తెలియడం లేదమ్మా?” అడిగింది అమ్మ.

“వాసన. ఆమధ్య జ్వరం వచ్చి తగ్గింది కదా, అప్పటి నుంచీ ఏ వాసనా తెలియడం లేదు. అదే వస్తుందిలే అనుకున్నాను. చెప్పలేదు.” అమ్మమ్మ పళ్ళెం అంచును వేలితో రుద్దుతూ ఉంది. “ఇన్ని రోజులూ మీకేం పెట్టానో ఏమో. పిల్లకి కూడా అవే పెట్టాను.”

“మాకేం కాలేదు కదా, ఊరుకో,” అంది అమ్మ.

అమ్మమ్మ ఊరుకోలేదు. గిన్నెలన్నీ తనే ఒక్కొక్కటిగా చెత్తబుట్టలో వంచేసింది. కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుని, “రేపటి నుంచి వంట నువ్వే చూసుకో. నేను వంటింట్లోకి రాను,” అని కూతురితో చెప్పి వెళ్ళిపోయింది.

స్పానరమ్మ గిన్నెల వంక చూసింది. కేసు తేల్చినందుకు సంతోషంగా ఉండాలి. ఎందుకో అంత సంతోషంగా లేదు.

మర్నాడు ఆదివారం. అమ్మ హడావిడిగా ఆమ్లెట్లు వేసి, ఒక వైపు మాడ్చి, షాపుకి పరుగెత్తింది. అమ్మమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కింద కార్లు కడుగుతున్న వాళ్ళను చూస్తోంది. ఆవిడ అలా ఖాళీగా కూర్చోవడం స్పానరమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆ చేతులకు కూడా అది అలవాటు లేనట్టుంది. ఒడిలో ఉన్న తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ ఉన్నాయి.

స్పానరమ్మ గ్లాసులో పాలు పోసి తెచ్చి ఇచ్చింది. అమ్మమ్మ తాగబోయి ఆగింది.

“బాగున్నాయా ఇవి? ఒకసారి వాసన చూసి చెప్పవే,” అంది.

ఆ మాట స్పానరమ్మకు గుచ్చుకుంది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి గ్లాసుడు పాలు తాగడానికి భయపడుతోంది. “బాగున్నాయి అమ్మమ్మా,” అని చెప్పి లోపలికి వచ్చేసింది.

వంటింట్లో వాసన నిన్నటి కంటే ఎక్కువగా ఉంది. గిన్నెలు లేవు కదా, మరి ఇదేమిటి? పట్టేసిన వాసన పోవడానికి టైం పడుతుందని స్పానరమ్మ తనకు తనే చెప్పుకుంది. చెప్పుకున్న మాట తనకే నమ్మకంగా అనిపించలేదు.

అంతలో ఫోన్ మోగింది. నాన్న.

“స్పానరమ్మగారూ, ఫ్రిజ్ సంగతి అమ్మ చెప్పింది. ఏం చేశారేమిటి?”

స్పానరమ్మ చేసినదంతా చెప్పింది. రబ్బరు, రంధ్రం, సోడా, గిన్నెలు. నాన్న మధ్యలో ఆపకుండా విన్నాడు.

“బాగా చేశావు. ఒక్కటి చెప్పు. తలుపు తీస్తే వాసన పెరుగుతోందా?”

“ఆ, కంపు కొడుతోంది నాన్నా.”

“అలా కాదు. వెళ్ళి చూసి చెప్పు. ముందు మూసి ఉంచి చూడు. తర్వాత తలుపు తీసి, తల లోపల పెట్టి చూడు.”

స్పానరమ్మ ఫోన్ పట్టుకునే వెళ్ళింది. తలుపు మూసి పీల్చింది. కంపు. తలుపు తీసి తల లోపల పెట్టింది. నిమ్మచెక్క వాసన. ఇంకోసారి చేసింది. మళ్ళీ అంతే.

“లోపల లేదు నాన్నా,” అంది. గొంతు కొంచెం తగ్గింది.

“అయితే బయటెక్కడో ఉంది. మోటారు తిరిగేటప్పుడు ఎక్కువవుతోందేమో కనిపెట్టు. నన్ను ఇక్కడ పిలుస్తున్నారు, మళ్ళీ చేస్తాను,” అని నాన్న పెట్టేశాడు.

స్పానరమ్మ ఫ్రిజ్ ముందు నిలబడింది. మోటారు గుర్రుమంటోంది. కంపు దట్టంగా వస్తోంది. నిన్న ప్లగ్ తీసినప్పుడు వాసన తగ్గడం గుర్తొచ్చింది. మోటారు తిరిగితే ఫ్రిజ్ వెనక అడుగున ఉన్న కంప్రెసర్ వేడెక్కుతుంది. వేడెక్కితే దాని పక్కన ఉన్నది ఏదైనా...

నాలుగు రోజుల కిందట తను చేసిన పని స్పానరమ్మ కళ్ళ ముందు మెదిలింది.

మెట్ల కింద ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. దానికి తిండి పెట్టొద్దని అమ్మ గట్టిగా చెప్పింది, మెట్ల మీద మురికవుతోందని పక్కవాళ్ళు గొడవ చేశారు. అయినా స్పానరమ్మ తన వంతు చేపముక్క ఒకటి చిన్న స్టీలు డబ్బాలో దాచింది. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క చల్లగా ఉంటే పిల్లి మూతి తిప్పుకుంటోంది. స్టవ్ వెలిగిస్తే అమ్మమ్మ అడుగుతుంది. ఇంకెవరి పిల్లకైనా అక్కడితో ఆలోచన ఆగిపోయేది. మెకానిక్ కూతురికి మాత్రం కంప్రెసర్ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుందని తెలుసు. పక్క సందులోంచి చెయ్యి పోనిచ్చి డబ్బాని దాని మీద పెట్టింది.

అంతలో కింది నుంచి స్నేహితురాలు కేక వేసింది, పిల్లి తన పిల్లల్ని నోట కరుచుకుని వాచ్‌మన్ గదిలోకి మారుస్తోందని. చూడటానికి పరుగెత్తిన స్పానరమ్మకు డబ్బా ఇప్పటిదాకా మళ్ళీ గుర్తుకు రాలేదు.

ప్లగ్ తీసింది. పొడవాటి స్కేలు సందులోకి పెట్టి లాగింది. డబ్బా కింద పడి దొర్లుకుంటూ వచ్చింది. మూత వదులైంది. ఆ కంపుకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

డబ్బాని రెండు కవర్లలో చుట్టి, కిందికి తీసుకెళ్ళి పెద్ద చెత్తడబ్బాలో పడేసింది. వచ్చి నేల తుడిచింది. కిటికీలు తెరిచింది. బాల్కనీలో అమ్మమ్మ అటే తిరిగి కూర్చుని ఉంది. ఆవిడకు వాసన తెలియదు. తను చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

సాయంత్రం అమ్మ వచ్చి గట్టిగా గాలి పీల్చింది. ఫ్రిజ్ తలుపు తీసి ఇంకోసారి పీల్చింది.

“పోయింది. ఎంత హాయిగా ఉంది. అబ్బ, మా మెకానిక్‌కి దణ్ణం పెట్టాలి,” అంది స్పానరమ్మ తల నిమురుతూ. “నువ్వు చెప్పిందే నిజం. ఆ గిన్నెలు తీసేశాకే పోయింది.”

“నిజమే మరి,” అంది అమ్మమ్మ గుమ్మం అవతలి నుంచే. “మంచి పని చేసింది పిల్ల. లేకపోతే ఇంకా ఎన్నాళ్ళు పెట్టేదాన్నో.”

అమ్మమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. హాల్లోనే నిలబడి ఉంది, ఎవరింటికో వచ్చినట్టు. అమ్మ చెయ్యి ఇంకా స్పానరమ్మ తల మీదే ఉంది. ఆ చేతిని తీసేసి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“గిన్నెలు కాదు అమ్మమ్మా. నేను,” అంది.

చేపముక్క సంగతి, కంప్రెసర్ సంగతి, పిల్లి సంగతి అన్నీ చెప్పేసింది. మధ్యలో రెండుసార్లు ఏడుపు వచ్చింది. ఆపుకుని చెప్పింది.

“నీ గిన్నెలు ఒక్కటి కూడా వాసన చూడకుండానే తప్పు నీ మీదకి నెట్టేశాను. నీకు తెలియదని చెప్పాక కూడా ఊరుకున్నాను,” అంది చివర్న.

అమ్మ మొహం ఎర్రబడింది.

“వెనక చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాం? షాక్ కొడితేనో? ఈ మాట నాన్నతో నువ్వే చెప్పాలి. ఇవాళే.”

“చెప్తాను.”

అమ్మమ్మ మాత్రం వేరే ఆలోచనలో ఉంది. “అంటే నా కూరలు బాగానే ఉన్నాయన్నమాట,” అంది నెమ్మదిగా. “నిక్షేపంలాంటివి చెత్తబుట్టలో పోశాను.” తర్వాత పెదవి విరిచింది. “ఇంతా చేసి ఆ చేపముక్క పిల్లి కూడా తినలేదా?”

అమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, వల్ల కాలేదు. స్పానరమ్మ ఏడుస్తూనే నవ్వింది.

“రేపు డాక్టరుకి చూపిద్దాం అమ్మా. ముందే చెప్పి ఉండాల్సింది,” అంది అమ్మ నవ్వు ఆపి.

“చూపిద్దువుగాని. అంతవరకూ వంట నువ్వే చెయ్యి. వాసన పిల్ల వల్ల వచ్చిందే కావచ్చు, నా ముక్కు పని చేయకపోవడం అబద్ధం కాదుగా.”

స్పానరమ్మ ముక్కు తుడుచుకుంది. “నాది పని చేస్తోందిగా,” అంది.

మర్నాడు స్పానరమ్మ స్కూలు నుంచి వచ్చేసరికి వంటింట్లో మళ్ళీ అలికిడి వినిపించింది. అమ్మమ్మ స్టవ్ దగ్గర ఉంది. గట్టు మీద చిన్న గిన్నెలు వరసగా పెట్టి ఉన్నాయి, మూతలతో సహా. పక్కనే ఒక స్టూలు కూడా వేసి ఉంది.

“వచ్చావా? రా, నీ కోసమే చూస్తున్నాను. మధ్యాహ్నం మిగిలినవి ఇవి. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో చెప్పు,” అంది అమ్మమ్మ.

“ఒక్క నిమిషం అమ్మమ్మా.”

స్పానరమ్మ స్కూలు బ్యాగు కింద పెట్టి జిప్పు లాగింది. లోపలి నుంచి తన లంచ్ బాక్సు తీసింది. మూత తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించింది. సింకు దగ్గరికి వెళ్ళి, మూత అంచులతో సహా సోడా వేసి రుద్ది కడిగింది. మళ్ళీ వాసన చూసింది. బోర్లించింది.

అప్పుడు వచ్చి స్టూలు ఎక్కి, అమ్మమ్మ మొదటి గిన్నె వైపు వంగింది.