టార్చి ఎప్పుడొస్తుంది?

"మళ్ళీ తీసేశాడు బాబాయ్, ఆ చీపురు తాతయ్య!"

కళ్ళజోళ్ళ షాపులో మధ్యాహ్నం భోజనం చేస్తూ ఫోన్ చూసుకుంటున్న అమ్మాయి అరిచిన అరుపుకి, వెనకగదిలో అద్దాలు అరగదీస్తున్న ఆమె బాబాయి ఉలిక్కిపడ్డాడు.

"ఏం తీసేశాడమ్మా?"

"నా వాక్యం!"

షాపు బాబాయిది. కళ్ళు పరీక్ష చేసేది ఈమె. దీంతోపాటు ఈమెకి జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉంది. టీవీలో వచ్చే లైట్‌హౌస్ సీరియల్ గురించి అభిమానులంతా కలిసి ఒక వికీ నడుపుతున్నారు. ఎపిసోడ్‌కో పేజీ. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అక్కడ ఈమె పేరు గోలపిల్ల. ఆ పేరు తనే పెట్టుకుంది, కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

సీరియల్లో హీరో లైట్‌హౌస్ కాపలాదారు. చేతిలో టార్చిలైటు లేకుండా కనబడడు కాబట్టి అభిమానులకు అతను 'టార్చి'. హీరోయిన్ వాతావరణ ఆఫీసులో గుమాస్తా. మండే ఎండలో కూడా గొడుగు వదలదు కాబట్టి ఆమె 'గొడుగు'. నిన్నటి ఎపిసోడ్ గురించి గోలపిల్ల ఇలా రాసింది: "టార్చిని చూడగానే గొడుగు ఫ్లాట్! మేమంతా అవుట్!!"

ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "కాపలాదారును చూసి గుమాస్తా నవ్వింది."

కారణం చెప్పకుండా ఏ మార్పూ చేయకూడదని ఆ వికీలో నియమం. కారణం కింద ఆ చీపురు తాతయ్య, అంటే అందరి వాక్యాలూ ఊడ్చేసే అడ్మిన్ మహాశయుడు, ఎప్పటిలాగే రాశాడు: "అభిమానుల వాడుక. కొత్త పాఠకులకు అర్థం కాదు."

గోలపిల్ల తన వాక్యాన్ని మళ్ళీ పెట్టింది. కారణం: "నవ్విందా? అంతేనా? మీకు గుండె ఉందా, అక్కడ కూడా చీపురే ఉందా?"

అన్నం ముద్ద నోట్లోకి వెళ్ళేలోపే వాక్యం మాయం. కారణం: "గుండె ఉంది. ఈ పేజీలో దానికి చోటు లేదు. కబుర్ల విభాగంలో ఎంతైనా రాసుకోండి."

"మీ వయసెంత తాతయ్యా?"

"ఈ ప్రశ్న ఎపిసోడ్‌కి సంబంధించినది కాదు."

రిటైరైన హెడ్మాస్టరై ఉంటాడని ఆమె అంచనా. అయితే ఒక్కమాట మాత్రం ఆమె బాబాయికి కూడా చెప్పలేదు. ఈ మధ్య సగం వాక్యాలు అతను ఏం కారణం రాస్తాడో చూద్దామనే రాస్తోంది. అయినా ఆ రోజు ఒళ్ళు మండింది. 'చీపురు తాతయ్యని అడ్మిన్‌గా తీసెయ్యాలి' అని వికీలో ఓటింగ్ పెట్టేసింది. ఆదివారం దాకా గడువు. సాయంత్రానికే అభిమానులు ఎగబడి ఓట్లు వేశారు.

మర్నాడు వాన దంచికొడుతుంటే, ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని షాపులోకి వచ్చింది. మనవడి చొక్కా జేబు మీద లిఫ్టు కంపెనీ బొమ్మ, చేతులకి గ్రీజు మరకలు. తల తుడుచుకోవడానికి జేబులోంచి గుడ్డ తీసి, అది ఇంకా మురికిగా ఉందని చూసి లోపల పెట్టేసుకున్నాడు. అమ్మాయి నవ్వు ఆపుకుంటూ శుభ్రమైన టవల్ ఇచ్చింది. అతను టవల్ తీసుకోవడానికి బదులు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"కొంచెం గట్టిగా మాట్లాడండి. అమ్మమ్మకి సరిగ్గా వినబడదు," అన్నాడు తేరుకుని.

అమ్మాయి పెద్దావిడకి పరీక్ష ఫ్రేము పెట్టి, చిన్న అక్షరాల కార్డు చేతికిచ్చింది.

"ఇందులో కథ లేదుగా!" అంటూ ఆవిడ కార్డు పక్కన పెట్టి, సంచిలోంచి కాగితాలు తీసింది. "నేను చదివేది ఇవి. టీవీలో వాళ్ళు పెదాలాడిస్తారు, నాకు ఒక్క ముక్క వినబడదు. అందుకని వీడు కథంతా పెద్దక్షరాల్లో అచ్చుతీసిస్తాడు. మర్నాడు మళ్ళీ వేస్తారుగా, అప్పుడు పక్కన పెట్టుకుని చూస్తాను." కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "కాపలాదారును చూసి గుమాస్తా నవ్వింది."

అద్దం మార్చబోతున్న అమ్మాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒకసారి వీడు ఊళ్ళో లేడు. పక్కింటివాళ్ళు అచ్చుతీసిచ్చారు. టార్చి అని ఎవరో కొత్తమ్మాయి వచ్చిందట అందులో! వారాల తరబడి ఎదురుచూశాను. ఆ పిల్ల రానే లేదు."

"ఆ రోజే చీపురు పట్టాను," అన్నాడు మనవడు. "ఈ కథ దొరికే వికీలో అందరూ నన్ను చీపురు తాతయ్య అంటారులెండి. ఆదివారంతో ఆ ముచ్చటా తీరిపోతుంది. గోలపిల్లని ఒకామె ఉంది, నన్ను దించేస్తోంది. స్కూలు పిల్ల అనుకుంటాను."

"ఎలా చెప్పగలరు?" ఆమె గొంతు కాస్త పైకి లేచింది.

"ఆశ్చర్యార్థకాలు ఎక్కువ."

"మరి... దించేస్తే ఈ కాగితాలు?"

"లిఫ్టులు బాగుచేసుకునేవాణ్ణి, కథంతా కూర్చుని నేను రాయలేను. పదిమంది రాసినదాన్నే తుడిచి ఇస్తున్నాను. ఆ చీపురు కూడా లాక్కుంటే ఇక కష్టమే."

"ఆ పిల్ల మీద మీకు కోపం రాదా?"

"రాదండీ. ఆవిడ వాక్యం తీసేసేముందు రెండుసార్లు చదువుకుంటాను, నవ్వొస్తుంది. కానీ అమ్మమ్మకి అర్థం కావద్దూ?"

అమ్మాయికి తలెత్తి అతని ముఖం చూడాలంటే సిగ్గేసింది. చూడకుండా ఉండటం కూడా కష్టంగానే ఉంది.

వాళ్ళు వెళ్ళగానే ఓటింగ్ వెనక్కి తీసుకుంది. కారణం: "తప్పు నాది. ఈ రోజు పాఠకురాలిని చూశాను." అభిమానులు ఊరుకుంటారా? "అమ్ముడుపోయావా గోలా?" అంటూ ఆడుకున్నారు. ఆమె పాత పేజీలు తీసి, తను రాసిన టార్చిలన్నిటినీ కాపలాదారులుగా మార్చుకుంటూ కూర్చుంది.

జోడు తీసుకెళ్ళడానికి అతనొక్కడే వచ్చాడు. ఆ గోలపిల్లని నేనే అని చెప్పేద్దామనుకుంది. షాపు నిండా జనం.

"మీరు ఆ సీరియల్ చూస్తారా?" అని అతనే అడిగాడు.

"అప్పుడప్పుడు," అని పచ్చి అబద్ధం ఆడింది.

అతను వెళ్ళిపోయాక తన మీద తనకే కోపం వచ్చింది. ఎదురుగా చెప్పలేనిది వికీలో చెప్పేయాలనుకుని, అతనికి సందేశాలు రాసే చర్చా పేజీ తెరిచింది. మామూలు మాటల్లో రాద్దామంటే చెయ్యి రాలేదు. వచ్చిన భాషలోనే రాసి, కళ్ళు మూసుకుని నొక్కేసింది: "కళ్ళజోళ్ళ గొడుగు లిఫ్టు టార్చిని చూసి ఫ్లాట్! ఎపిసోడ్ అంతా వానే వాన!!"

కాసేపటికే అది మాయం. కారణం: "సీరియల్లో లిఫ్టు లేదు. ఆధారం లేని కథనం."

మనసులో మాటని ఆధారం లేదని తుడిచేసినవాణ్ణి ఏం చెయ్యాలో ఆమెకు పాలుపోలేదు. ఆ రోజంతా ముభావంగా ఉంది. ఒకాయనకి ఇంకొకాయన జోడు ఇచ్చి పంపింది. ఆయన గుమ్మం దాటి గోడని గుద్దుకున్నాక గాని బాబాయి గమనించలేదు.

మర్నాడు మళ్ళీ వాన. షాపు తలుపు తోసుకుని అమ్మమ్మ ముందు వచ్చింది, ముక్కు మీద కొత్త జోడు. వెనకాల మనవడు, నిలువునా తడిసిపోయి.

"జోడు బాగుందమ్మాయ్! వీడి ఫోన్లో చిన్నక్షరాలు కూడా కనబడుతున్నాయి. ఎవరేం రాశారో, వీడేం తుడిచాడో అంతా చదివాను. ఆ టార్చి ఎవరో నాకింకా తెలీదు గానీ, ఒరేయ్ మొద్దూ, కళ్ళజోళ్ళు ఎవరివి, లిఫ్టు ఎవరిది అని అడిగాను. అంతే, బిక్కచచ్చిపోయాడు."

అతను బల్ల దగ్గరికి వచ్చాడు.

"మీరేనా?"

"స్కూలు పిల్లనే. ఆశ్చర్యార్థకాలు ఎక్కువ."

"క్షమించండి. అలవాటులో చెయ్యి వెళ్ళిపోయింది. అది... మామూలు మాటల్లో ఒకసారి చెబుతారా?"

"కొత్త పాఠకులకు అర్థమయ్యేలాగా?"

"పాఠకుడు కొత్తవాడేనండీ. ఇలాంటిది వాడికి ఎవరూ ఎప్పుడూ రాయలేదు."

ఆమె చేతిలోని ఫ్రేము బల్ల మీద పెట్టింది. "మీరంటే నాకిష్టం. రోజూ మీతో పోట్లాడకపోతే నాకు తోచదు. అంతే."

అతను తడిచేతులతో ఫోను తీసి ఏదో నొక్కి, ఆమె ముందు పెట్టాడు. నిన్న తుడిచేసిన వాక్యం, రెండు ఆశ్చర్యార్థకాలతో సహా, మళ్ళీ అక్కడుంది. కారణం: "ఆధారం నేనే. నాకూ మీరంటే ఇష్టం."

"ఏమంటోందిరా? నాకు వినబడలేదు!" అంది అమ్మమ్మ.

ఎప్పుడు వచ్చాడో, వెనకగదిలోంచి వచ్చిన బాబాయి ఆవిడ చెవి దగ్గరికి వంగి షాపు దద్దరిల్లేలా చెప్పాడు. "టార్చిని చూసి గొడుగు ఫ్లాటండీ!"

అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. అమ్మాయి గడ్డం పట్టుకుని, కొత్త జోడులోంచి ఎగాదిగా చూసింది.

"అమ్మయ్య! ఇన్నాళ్ళకి వచ్చావటే టార్చీ!"

సరిదిద్దబోయి మనవడు నోరు తెరిచాడు. అమ్మాయి అతని కాలు తొక్కింది. అతను నోరు మూసుకున్నాడు.